కత్తి పట్టకుండా స్కైరిమ్: తొలి డబ్బుకి దోవ

2011లో వచ్చిన వీడియో గేమ్ స్కైరిమ్‌ని మళ్లీ మొదలుపెట్టి, ఈసారి కొట్లాటల్లేకుండా మందులు కాచుకుంటా, కమ్మరం చేసుకుంటా ఆడదామంటే మొదటి ఇబ్బంది డబ్బే.

ఆట మొదలయ్యే హెల్గెన్ ఊరి నుంచి రివర్‌వుడ్ పల్లెకి దిగే దోవలో మూడు రాళ్లుంటాయి. వాటిలో 'దొంగ' అనే పేరున్న రాయిని తాకండి. మందుల తయారీ దొంగ విద్యల కిందికే వస్తుంది, ఆ నేర్పు 20 శాతం త్వరగా పెరుగుతుంది. కమ్మరానికి మాత్రం యోధుడి రాయి, అప్పుడు వెనక్కొచ్చి మార్చుకోవచ్చు. రివర్‌వుడ్ మిల్లు దగ్గర కట్టెలు కొట్టి మిల్లు వాళ్లకే అమ్మండి, కట్టెకి 5 నాణేలు.

ఆ డబ్బుతో వైట్‌రన్ చేరి, ఊరి బయట నీలి కొండపూలు, పొలాల్లో గోధుమ చెరి 20 కోయండి. పైరు కోస్తే దొంగతనం కాదు. సత్రంలో 10 నాణేలకి పడుకుని లేస్తే 8 గంటలపాటు నేర్పు ఇంకో 10 శాతం త్వరగా వస్తుంది, అప్పుడే కాచండి. పువ్వొకటి, గోధుమొకటి కలిపితే ఒక సీసా. రెండింటిలోనూ ప్రాణం నింపే గుణం, పెంచే గుణం కలుస్తాయి గనక మంచి ధర పలుకుతుంది. ఆ సీసాలు కొనే వైట్‌రన్ మందుల అంగడామె దగ్గర డబ్బయిపోతే ఆటలో 48 గంటలు ఆగాలి.

ఎండాకాలం కరెంటు సంగతి మన నెల్లూరు, ఒంగోలు పిల్లకాయలకి చెప్పనక్కర్లేదు, కాచేముందు సేవ్ చేసుకోండి.

ఒక్క జాగ్రత్త: చేతిపనులతోనే లెవెల్ పెంచుకుంటా పోతే బందిపోట్లు కూడా బలపడతారు. నక్కి నడిచే విద్యని పక్కనే పెంచకపోతే లెవెల్ 15 దాటాక దారిలోనే చస్తారు.