రేసర్ మంచాన పడ్డాడు, దుకాణం తెరిచే ఉండాలి

స్నోబోర్డ్ రేసరుకు దెబ్బ తగిలిందని తెలియగానే స్నేహితులందరి చెయ్యీ ముందు జేబులోకే పోతుంది. మంచిదే, డబ్బు కావాలి. కానీ అతనికి సొంత దుకాణం కూడా ఉంటే చందా కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ దుకాణం ఎవరెవరికి ఏం మాట ఇచ్చి ఉంది? ఎవరి బోర్డు లోపల ఉంది? ఎవరి దగ్గర అడ్వాన్సు తీసుకుంది? ఆ మాట నిలబడితే అతను లేచేసరికి కస్టమర్లు మిగిలి ఉంటారు. అది పోతే మీరు పోగుచేసిన చందా ఆస్పత్రి బిల్లుకు సరిపోయినా, మనిషికి బతుకుతెరువు మిగలదు.

నేను లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. బోర్డు మీద నిలబడగలను, అంతకు మించి చెప్పుకోవడానికేం లేదు. మావాడు మాత్రం పారలల్ జెయింట్ స్లాలమ్ రేసరు. పక్కపక్కన ఎర్ర ట్రాకు, నీలం ట్రాకు వేసి ఇద్దరిని ఒకేసారి వదిలే పోటీ అది. ఈ పోటీలకు గట్టి షెల్ బూట్లు, వాటిని బోర్డుకు బిగించే ప్లేటు బైండింగులు వాడతారు. స్కీ బైండింగు పడినప్పుడు ఊడిపోతుంది, వీటిలో చాలావరకు ఊడవు. రెండు కాళ్లూ బోర్డుకే బిగిసి ఉండగా పడ్డాడు, కాలి ఎముక విరిగింది. అతనికి ఎడ్జ్ (బోర్డు అంచున ఉండే ఉక్కు పట్టీ) పదును, బోర్డు అడుగున వేసే వ్యాక్స్, రేస్ బోర్డుల అమ్మకం చేసే చిన్న వర్క్‌షాపు ఉంది. ఇలా బోర్డులు సిద్ధం చేసేవాణ్ని ట్యూనరు అంటారు. కొంతమందిమి కలిసి దాన్ని నడిపాం. మాకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చిక్కు గుర్తుంచుకోండి. రేసరు పడేది రేసుల కాలంలోనే. దుకాణానికి గిరాకీ ఉండేదీ అప్పుడే. అంటే మనిషి పడిపోయిన వారమే షాపు నిండా బోర్డులుంటాయి.

మొదటి రోజుల్లో

మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. డాక్టరుతో ఇంట్లోవాళ్లు మాట్లాడతారు. ఇంట్లోవాళ్లతో స్నేహితుల తరఫున ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్లంతా ఆ ఒక్కరిని అడిగి తెలుసుకోవాలి. లేకపోతే అతని భార్యో తమ్ముడో రోజంతా ఫోన్లోనే ఉంటారు. ఏ ఎముక, ఎన్ని స్క్రూలు, ఎప్పుడు ఇంటికి అన్న సంగతులు అతను సరేనంటేనే బయటికి పోవాలి. రేసరు గాయం గురించి స్పాన్సరుకు ముందు ఏం తెలియాలో అతనే చెప్పాలి.

ఆపరేషన్ అయిన కొత్తలో గట్టి నొప్పి మందుల మీద ఉంటాడు. అప్పుడు షాపు గురించి ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి. అడగాల్సినవి కొన్నే: తాళాలు ఎక్కడ, ఆర్డర్ల పుస్తకం ఎక్కడ, ఈ వారం ఎవరికి ఏం ఇవ్వాలి. మిగతావి ఆగుతాయి. తలకు కూడా దెబ్బ తగిలి ఉంటే ఇవి కూడా ఇంట్లోవాళ్లనే అడగండి.

పక్కన కూర్చునేవాళ్లకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. తలనొప్పి పెరుగుతూ పోవడం, పదేపదే వాంతులు, మత్తుగా ఉండి సరిగా పలకకపోవడం, మాట తడబడటం ఉంటే తలకు తగిలిన దెబ్బ ముదురుతోందేమో అనుకోవాలి. కాలు విరిగినవాడికి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మందు వేసినా తగ్గకుండా కాలి నొప్పి పెరిగిపోతూ వేళ్లు తిమ్మిరెక్కితే అదీ ప్రమాదమే. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా చూద్దాం అనకండి, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

చందాకు ముందు బీమా కాగితం

ఇది చాలామంది మర్చిపోతారు. ఫిస్ (అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య) పోటీల నిబంధనల ప్రకారం పోటీదారుకు ప్రమాద బీమా ఉండి తీరాలి. ప్రమాదంతో పాటు రవాణా, మంచు మీంచి తీసుకొచ్చే రక్షణ ఖర్చు కూడా అందులో రావాలి, అదీ రేసులో ఉండే రిస్కుతో సహా. కాబట్టి అతను ఏ పోటీలో, ఏ లైసెన్సు మీద దిగాడో చూసి, తన దేశపు ఫెడరేషనును, క్లబ్బును అడగండి. ట్రైనింగులో పడ్డాడా, రేసులోనా అన్నది పాలసీని బట్టి తేడా తేవచ్చు. క్లెయిము తెలియజేయాల్సిన గడువు పాలసీలో ఉంటుంది, అది చదివి క్యాలెండర్లో రాసుకోండి. మా విషయంలో బీమావాళ్లు ఒకే రిపోర్టును మళ్లీ మళ్లీ అడిగారు. అందుకని పంపిన ప్రతి కాగితానికీ తేదీ వేసి ఒక కాపీ ఫైల్లో పెట్టుకున్నాం. చివరికి ఆ ఫైలే మమ్మల్ని కాపాడింది.

ఇంకొకటి. దుకాణంలో పనిచేసేవాళ్లకు ఉండే బీమా ఓనరుకు కూడా వర్తిస్తుందని అనుకోకండి. చాలాచోట్ల వర్తించదు, పైగా రేసు అనేది షాపు పని కాదు.

షాపు తాళం తీశాక

ముందు ఏదీ కదపకుండా ఫోటోలు తీయండి. బల్ల మీద ఏముంది, ఏ బోర్డు ఏ మేకుకు వేలాడుతోంది అన్నీ రావాలి. తర్వాత బోర్డులను వేరు చేయండి. పని అయిపోయి కస్టమరు కోసం ఎదురుచూస్తున్నవి, సగంలో ఆగినవి, ముట్టుకోనివి. అడ్వాన్సు తీసుకుని ఇంకా తెప్పించాల్సిన కొత్త బోర్డులు, బైండింగులకు వేరే జాబితా. ప్రతి బోర్డుకూ చీటీ ఉందో లేదో చూడండి, లేకపోతే కట్టండి. ఒకే కంపెనీ, ఒకే సైజు బోర్డులు రెండుంటే తారుమారయ్యే వీలుంది. రేసరు బోర్డు మారిపోతే ఇక ఆ గొడవ ఎవరూ తీర్చలేరు.

ఆ తర్వాత ఫోన్లు. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, రేసు తేదీ దగ్గర ఉన్నవాళ్లకు ముందు. మేం ఇలా చెప్పేవాళ్లం: "నమస్తే అండీ, షాపు నుంచి మాట్లాడుతున్నాను. ఆయన కాలు విరిగింది, ఆపరేషన్ అయింది. మీ బోర్డు మా దగ్గర భద్రంగా ఉంది, ఎడ్జ్ పని మాత్రం ఇంకా కాలేదు. కావాలంటే అలాగే ఇచ్చేస్తాం. లేదంటే ఇంకో ట్యూనరు దగ్గర మేమే చేయించి ఇస్తాం. ఆగుతానంటే ఆగండి. అడ్వాన్సు వెనక్కి కావాలన్నా మొహమాటం లేదు, చెప్పండి." ఇది విన్నాక అడ్వాన్సు అడిగేవాళ్లు తక్కువే. అడిగినవాళ్లకు మాత్రం వెంటనే ఇచ్చేయాలి. ఒకేసారి చాలామంది కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే షాపు చెల్లింపుల ఖాతానే ఆపేసే అవకాశం ఉంటుంది.

షాపుకు పోటీగా ఉన్న ట్యూనరు సాయం అడగడానికి కూడా సిగ్గుపడకండి. రేసు లోకం చిన్నది, ఈరోజు ఇతను, రేపు అతను. కాకపోతే ఆ పనికి ఎంత తీసుకుంటాడో, డబ్బు ఎవరికి పోతుందో ముందే రాసుకోండి.

ఎవరు ఏది ముట్టుకోవచ్చు

సాయానికి వచ్చిన ప్రతివాడికీ ఆకురాయి పట్టుకోవాలని ఉంటుంది. ఇక్కడ మాత్రం కఠినంగా ఉండండి.

రేసు బోర్డు పక్క ఎడ్జ్‌ను 90 డిగ్రీల కంటే తగ్గించి 88కో 87కో దించుతారు. బేస్ (బోర్డు అడుగు భాగం) వైపు కోణం అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఉంటుంది. ఒక్కో రేసరుకు ఒక్కో ఇష్టం, అది మావాడి నోటు పుస్తకంలో పేరు పక్కన ఉండేది. పక్క ఎడ్జ్‌లో పొరపాటు జరిగితే మళ్లీ రుద్ది సరిచేయొచ్చు, ఉక్కు కొంచెం అరుగుతుంది అంతే. బేస్ కోణం ఎక్కువైతే మాత్రం బేస్ మొత్తాన్ని మెషిన్ మీద గ్రైండ్ చేయిస్తే తప్ప వెనక్కి రాదు. అందుకని బేస్ కోణం జోలికి ఎవరూ పోకూడదు. ఇది మా మొదటి రూలు.

పక్క ఎడ్జ్ చేయడం వచ్చినవాళ్లు కూడా ముందు మార్కరు పరీక్ష చేయాలి. ఎడ్జ్ మీద ఒక జానెడు మేర నల్ల పర్మనెంట్ మార్కరు పూయాలి. కోణం తప్పకుండా పట్టి ఉంచే గైడులో ఆకురాయి బిగించి, బలం పెట్టకుండా ఒక్కసారి లాగాలి. సిరా వెడల్పంతా సమానంగా పోయి ఉక్కు మెరిస్తే కోణం కలిసినట్టు. ఒక అంచునే పోయి రెండో అంచున నల్లటి గీత మిగిలితే గైడు కోణమూ ఎడ్జ్ కోణమూ వేరు. అక్కడితో ఆగి పుస్తకం చూడాలి, మావాడికి ఫోటో పంపాలి. మంచం మీద పడుకుని ఆ ఫోటో పెద్దది చేసి చూసి, "ఆ గైడు కాదురా, పక్క డ్రాయరులో ఉన్నది" అనేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది అప్పుడే. రాయి తగిలి ఎడ్జ్ గీసుకున్నచోట ఉక్కు గట్టిపడి ఉంటుంది. అక్కడ నేరుగా ఆకురాయి పెడితే దాని పళ్లు పోతాయి. ముందు డైమండ్ సానరాయితో ఆ బిరుసు తీయాలి.

వ్యాక్స్ పని కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు. ఐరన్ పొగ రాకూడదు, ఒకేచోట ఆగకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. చెప్పేది ఇంతే. అయితే డ్రాయర్లలో పాత ఫ్లోరిన్ వ్యాక్సులు ఉంటాయి, ఖరీదైనవి. పాపం మనవాళ్లు కస్టమరు మీద ప్రేమతో అవే తీసి వేస్తారు. ఫిస్ 2023-24 సీజను నుంచి తన పోటీల్లో ఫ్లోరిన్ వ్యాక్సును పూర్తిగా నిషేధించింది, స్టార్టు దగ్గర పరీక్ష కూడా చేస్తారు. దొరికితే ఆ రేసరు అవుట్. ఆ వ్యాక్సులతో పాటు వాటికి వాడిన బ్రష్షులు, ఐరను కూడా ఒక డబ్బాలో పెట్టి టేపు వేసేయండి.

ఈ పనులు చేతకానివాళ్లకు పని లేదని కాదు. డెలివరీ, ఫోన్లు, నేల ఊడ్వడం, కొరియరు, వెబ్‌సైటులో "డెలివరీ ఆలస్యం అవుతుంది" అన్న ఒక్క వాక్యం పెట్టడం, అన్నీ పనులే. కొత్త ఆర్డర్లు మాత్రం చేయగలిగినంతే తీసుకోండి. జాలితో వచ్చిపడే ఆర్డర్లు ఎక్కువైతే వాటిని అందించలేక షాపు పేరే పోతుంది.

డబ్బు

మనిషి ఖర్చుకు ఒక ఖాతా, షాపు ఖర్చుకు ఒక ఖాతా. ఎంత చిన్న మొత్తమైనా కలపకండి. బోర్డు అమ్మితే వచ్చింది షాపు ఆదాయం, దానికి పన్ను ఉంటుంది. స్నేహితుడు ఇచ్చింది సాయం, దాని లెక్క వేరే. రెండూ కలిసిపోయాక విడదీయడం ఎంత నరకమో నా ఉద్యోగంలో రోజూ చూస్తూనే ఉంటాను.

విరాళాల పేజీ తెరిస్తే డబ్బు నేరుగా అతని పేరునో, ఇంట్లోవాళ్ల పేరునో పడేలా పెట్టండి, మీ ఖాతాకు వద్దు. దేనికి వాడతారో, మిగిలితే ఏం చేస్తారో మొదటి రోజే అక్కడ రాసేయండి. "ఫిజియోథెరపీ, కాలు మోపలేని నెలల్లో ఇంటి అద్దె, షాపు అద్దె" అని విప్పి చెబితే ఇచ్చేవాళ్లకు నమ్మకం. లాటరీ డ్రా పెట్టి బోర్డు గెలుచుకోండి అనాలనుకుంటే ముందు అక్కడి చట్టం చూడండి, చాలాచోట్ల దానికి అనుమతి కావాలి. వేలం పాట సాధారణంగా ఇంత తలనొప్పి కాదు.

మంచు క్రీడల్లో ఇలాంటి సాయానికి గట్టి సంప్రదాయమే ఉంది. స్నోబోర్డర్ కెవిన్ పియర్స్ 2009 డిసెంబరు 31న అమెరికాలోని పార్క్ సిటీలో హాఫ్‌పైప్ (మంచులో తవ్విన పెద్ద అర్ధగొట్టం లాంటి ట్రాకు) ప్రాక్టీసులో తలకు తీవ్రంగా దెబ్బ తగిలి పడిపోయినప్పుడు, తోటి రైడర్లు "ఐ రైడ్ ఫర్ కెవిన్" అన్న స్టిక్కర్లు బోర్డుల మీద అంటించుకుని దిగారు. తర్వాత అతనూ అన్న ఆడమూ కలిసి మెదడు గాయాల బాధితుల కోసం లవ్ యువర్ బ్రెయిన్ అనే సంస్థ పెట్టారు. స్కీయర్ రాయ్ టస్కనీ 2006లో మామత్ మౌంటెన్‌లో వెన్నుకు దెబ్బ తగిలి, 2009లో హై ఫైవ్స్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. గాయపడ్డ క్రీడాకారుల చికిత్సకు, కోలుకోవడానికి అది గ్రాంట్లు ఇస్తుంది. మీ దగ్గర ఇలాంటి సంస్థ ఏదైనా ఉంటే దరఖాస్తు మీరే నింపండి. సంతకం ఒక్కటి అతన్ని పెట్టమనండి, మత్తు దిగాక.

షాపు ఇంటి యజమానికి, సరుకు ఇచ్చేవాళ్లకు గడువు రాకముందే ఫోన్ చేయండి. గడువు దాటాక అడిగితే బతిమాలడం అవుతుంది. ఖాతాలు చూడటానికి, చెక్కులు ఇవ్వడానికి అవసరమైతే పరిమిత పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి. అతని పాస్‌వర్డ్ అడిగి వాడటం వద్దు, అది స్నేహమే అయినా బ్యాంకు ఒప్పుకోదు.

మనిషి సంగతి

"ఏం కావాలన్నా అడగరా" అనకండి. అడగడానికి మొహమాటపడతాడు. "గురువారం ఫిజియోకి నేను తీసుకెళ్తా, తొమ్మిదింటికి రెడీగా ఉండు" అనండి. రోజూ ఒక అరగంట షాపు ప్రశ్నలకు కేటాయించండి, అన్నీ పోగేసి అప్పుడే అడగండి. అతనికి తన షాపు తన చేతిలోనే ఉన్నట్టుంటుంది, మిగతా రోజంతా నిద్రపోవచ్చు.

"మళ్లీ ఎప్పుడు రేసు?" అన్న ప్రశ్న మీ నోటి నుంచి రాకూడదు. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంటుకు ఆపరేషన్ అయితే తిరిగి పోటీకి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది, ఎముక సంగతి ఎముకదే. పైగా రేసు మానేస్తాడేమో కూడా, ఆ నిర్ణయం అతనిది. షాపులోకి మొదటిసారి వచ్చేటప్పటికి ఎత్తైన స్టూలు ఒకటి, చంక కర్రలు ఆనించే చోటు ఒకటి ఉంచండి. నేల మీద వ్యాక్స్ పొట్టు లేకుండా చూడండి, అది పాలరాయి మీద నూనెలా జారుతుంది.

అతను పనిలోకి దిగాక మీరు పక్కకు జరగండి. చేసిన ప్రతి పనీ, ఇచ్చిన ప్రతి పైసా తేదీలతో ఉన్న పుస్తకం అప్పగించండి, ఇంకా ఆగి ఉన్న బోర్డుల చీటీలు ఒక్కొక్కటిగా చూపించండి. తాళాలు ఇచ్చేయండి. పవర్ ఆఫ్ అటార్నీ రద్దు కాగితం మీద సంతకాలు చేయించండి, విరాళాల పేజీ మూసేయండి.