విరిగిన ముక్క చెప్పే సంగతి – 3: ముందు చేతులు వెనక్కి తీసుకోండి

ఈ వారం వెల్డింగ్ అతుకుల గురించి చెబుదామనుకున్నాను. మీ జవాబులు చదివాక ఆ పాఠాన్ని పక్కన పెట్టేశాను.

పోయినసారి ఇచ్చిన పని చిన్నదే: మెకానిక్ షెడ్డుకు వెళ్లి విరిగిన బోల్టో, షాఫ్టో అడిగి తెచ్చుకుని, విరిగిన ముఖం మీద కనిపించింది పది లైన్లలో రాయాలి. చాలామంది మొదట చేసిన పని ముక్కను కిరోసిన్‌లో ముంచి, వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్దడం. తర్వాత రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి నొక్కి, "సరిగ్గా కూర్చుంది సార్" అని రాశారు. ఒకాయనైతే ఫెవిక్విక్‌తో అతికించి మరీ ఫొటో తీశారు. తప్పు నాది. ఇది వేరే చెప్పాలా అనుకుని వదిలేశాను.

విరిగిన ముఖం మీద కంటికి ఆనని గుట్టలూ గుంటలూ ఉంటాయి. రెండు ముఖాలనూ కలిపి నొక్కితే ఆ గుట్టల కొసలు నలిగిపోతాయి. రేపు మైక్రోస్కోపు కింద పెడితే కనిపించేది మీరు నొక్కిన గుర్తులే. తుప్పు కూడా సాక్ష్యమే. ముఖంలో సగం గోధుమరంగుకు తిరిగి, మిగతా సగం మెరుస్తుంటే ఆ మొదటి సగం ముందే పగిలి గాలికీ నీటికీ తెరుచుకుని ఉందన్నమాట. పగులు లోపల పెయింటు కనిపించిందనుకోండి, పెయింటు వేసేనాటికే పగులుంది. ఇంతకన్నా మంచి తేదీ మనకెవరూ రాసివ్వరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ నిర్వాకం చేశాను. ఒక రైసు మిల్లులో బ్లోయర్ షాఫ్టు విరిగింది. గ్రీజు అంటుకుని అసహ్యంగా ఉందని గుడ్డతో శుభ్రంగా తుడిచి, కాగితంలో చుట్టి ఆఫీసుకు పట్టుకెళ్లాను. మా సీనియర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని రంగేదయ్యా?" అని ఒక్క మాటే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ముందు ఫొటోలు. టార్చిలైటు ఎదురుగా కాదు, పక్క నుంచి వాలుగా వేయండి. నీడలు పడితేనే గీతలు లేస్తాయి. పక్కన స్కేలు పెట్టండి. తర్వాత ముక్కలను విడివిడిగా, పొడిగా, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లంతో సహా ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. నేనైతే పాత టిఫిన్ డబ్బాలే వాడతాను.

ఇప్పుడు చూడటం. మీరు పంపిన వాటిలో కడగని షాఫ్టు ఒకటుంది, దాన్నే తీసుకుందాం. కీవే (పుల్లీ జారకుండా కీ దూర్చడానికి షాఫ్టులో కోసిన గాడి) మూల దగ్గర ఒక బిందువు. అక్కణ్నుంచి ఆల్చిప్ప వీపు మీది గీతల్లా ఒకదాని వెనక ఒకటి వంపులు. వాటిని బీచ్ మార్కులంటారు. అవతలి అంచున చిన్న గరుకు భాగం. పగులు కీవే మూలలో పుట్టి, తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పాకి, చివర మిగిలిన ఆ చిన్న ముక్క బరువు మోయలేక ఒక్కసారిగా తెగింది. ఇది ఫెటీగ్, అంటే పదేపదే పడే బరువుకు అలసి తెగడం. ఆ గరుకు భాగం ఎంత చిన్నదైతే షాఫ్టు మీద పడ్డ బరువు అంత తక్కువ. ఇక్కడది వేలిగోరంత కూడా లేదు. అయినా ఆ షాఫ్టు పంపినాయన కింద రాసింది: "ఓవర్‌లోడ్. నాసిరకం స్టీలు."

నాకు ఒళ్లు మండేది ఈ రెండో మాటకే. పది లైన్ల జవాబుల్లో తొమ్మిది లైన్లు ఎలా ఉన్నా పదో లైను మాత్రం "నాసిరకం". స్టీలును పరీక్షించారా? లేదు. కాఠిన్యం కొలిచారా? లేదు. మరి ఎలా తెలిసింది? విరిగింది కాబట్టి! విరిగినందుకే నాసిరకమైతే ఇంక ఈ పాఠాలెందుకు?

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే నడక వంతెనలు రెండు కూలాయి. 114 మంది చనిపోయారు. అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ వాళ్లు విచారించి తేల్చినదాంట్లో, కూలడం మొదలవడానికి మెటీరియల్ నాణ్యతకూ పనితనానికీ చెప్పుకోదగ్గ పాత్ర లేదు. లోపం అతుకులో ఉంది.

మొదటి డ్రాయింగులో పైకప్పు నుంచి దిగిన ఒకే రాడ్ నాలుగో అంతస్తు వంతెన దూలంలోంచి దూరి, రెండో అంతస్తు వంతెన దాకా వెళ్లాలి. అలా చేయాలంటే నాలుగో అంతస్తు నట్టు ఎక్కడానికి పొడుగాటి రాడ్‌కు చాలా మేర మరలు కోయాలి. అందుకని రాడ్‌ను రెండు చేశారు: పైకప్పు నుంచి పై వంతెనకు ఒకటి, పై వంతెన నుంచి కింది దానికి ఇంకొకటి.

ఉట్టి గుర్తు తెచ్చుకోండి. దూలానికి కట్టిన ఒకే తాడుకు పైనొక కుండ, కిందొక కుండ ముడివేస్తే పై ముడి మోసేది పై కుండనే. కింది కుండను తాడుకు కాకుండా పై కుండ మెడకు కట్టారనుకోండి, పై ముడి మీద రెండు కుండల బరువూ పడుతుంది. తాడు అదే, కుండలు అవే. కాన్సస్ సిటీలో నాలుగో అంతస్తు దూలం కింద ఉన్న నట్టు మీద బరువు రెట్టింపయింది. ఆ దూలం రెండు సి-చానెళ్లను (C అక్షరం ఆకారంలో ఉండే స్టీలు దూలాలు) ఎదురెదురుగా పెట్టి వెల్డ్ చేసిన పెట్టె. రాడ్ కోసం కొట్టిన రంధ్రం సరిగ్గా ఆ వెల్డు గీత మీదే ఉంది. నట్టు, వాషరూ దాన్ని చీల్చుకుని పైకి వచ్చేశాయి. అసలు మొదటి డిజైనే నిబంధనలు కోరిన బలంలో 60 శాతం దగ్గర ఉందట! ఇలాంటి చోట "నాసిరకం స్టీలు" అని రాసి సంతకం పెట్టి ఉంటే ఎవరూ డ్రాయింగులు తెరిచేవాళ్లు కాదు.

అభ్యాసం. ఒక డబ్బా సుద్దముక్కలు కొనండి. పన్నెండింటికి నంబర్లు వేసి, ప్రతిదాని పొడవునా ఒక వైపు పెన్సిల్ గీత గీసి, ఇంట్లో ఎవరికైనా ఇచ్చి వేరే గదిలో విరవమనండి. కొన్నింటిని వంచి, కొన్నింటిని మెలితిప్పి. ఎలా విరిచారో, వంచినప్పుడు గీత సాగే వైపు ఉందో, నలిగే వైపు ఉందో వాళ్లు రాసిపెట్టుకోవాలి. మీరు చూసి కనుక్కోవాలి. మెలితిప్పినది ఏటవాలుగా, స్క్రూ మీది మర లాగా తెగుతుంది, అది సులువే. వంచిన వాటిలో నలిగిన వైపు అంచున చిన్న పెదవిలాంటి మడత కోసం వెతకండి. పన్నెండుకు పది సరిగ్గా వచ్చేదాకా చేయండి. నాకు మొదటిసారి ఏడే వచ్చాయి.

ఒక మాట మరిచాను. సుద్దలో చూసింది స్టీలుకు అలాగే అంటించకండి. సాగే గుణమున్న మామూలు స్టీలు షాఫ్టును మితిమీరి మెలితిప్పితే ఏటవాలుగా కాదు, కోసినట్టు అడ్డంగా తెగుతుంది. ఎందుకో వచ్చేసారి. ఫెవిక్విక్ ఆయన మాత్రం ఆ ముక్కను పారేసి, ఇంకోటి తెచ్చుకోండి.