పాత కారుకు ముందు లోయర్ ఆర్మ్‌లు మార్చుకోవడం ఎలా?

గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే ఒంగోలు–చీమకుర్తి రోడ్డు లాంటి చోట్ల ఏళ్ళ తరబడి నడిచిన కారుకు ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు దెబ్బతినడం మామూలే. లోయర్ ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని కింది వైపు నుంచి కారు ఫ్రేముకు కలిపే ఇనుప చేయి. అది ఫ్రేముకు తగిలే చోట అదురును మింగే రబ్బరు ముక్కలే బుష్‌లు. బ్రేకు వేసిన క్షణంలో పాదాల కింద ‘టక్’మని ఒక్క దెబ్బ వినిపించడం, గతుకుల్లో స్టీరింగ్ తన ఇష్టం వచ్చినట్టు పక్కకు జరగడం, ముందు టైర్ల లోపలి అంచు మాత్రమే అరిగిపోవడం దీనికి గుర్తులు. అయితే స్టెబిలైజర్ బార్‌కు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీకి) తగిలించిన లింక్ రాడ్డు పోయినా, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే మౌంట్ పోయినా ఇంచుమించు ఇలాంటి చప్పుడే వస్తుంది కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టే ముందు లోపం ఎక్కడుందో కంటితో చూసి తేల్చుకోవాలి.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, బాడీ కింద స్టాండు పెట్టి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఆట, అంటే వదులు, కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్‌ది. అప్పటికీ ఉంటే ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి కీలును, అంటే బాల్ జాయింట్‌ను అనుమానించాలి. తరువాత ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య చిన్న లివర్ రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. మంచి బుష్ కొద్దిగా సాగి వెనక్కి వస్తుంది. చెడిపోయిన బుష్‌లో రబ్బరు లోపలి స్లీవ్ (ఇనుప గొట్టం) నుంచి విడిపోయి, నల్లటి చీలిక నోరు తెరుచుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది.

బుష్‌లు మాత్రమే మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా అని చాలామంది అడుగుతారు. పదేళ్ళు దాటిన కారుకైతే కొత్త బుష్‌లు, కొత్త బాల్ జాయింట్ బిగించి వచ్చే పూర్తి ఆర్మ్‌నే కొనమని నేను గట్టిగా చెబుతాను. పాత ఆర్మ్‌లో బుష్ దించాలంటే ప్రెస్ (నొక్కి దించే యంత్రం) కావాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బుష్ వంకరగా కూర్చుంటుంది. పైగా కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్ళలోను, రొయ్యల చెరువుల గట్ల మీదను తిరిగిన కార్లలో రేకు ఆర్మ్ అడుగున, అతుకుల దగ్గర తుప్పు తినేసి ఉంటుంది. అలాంటి దానికి కొత్త బుష్ వేయడం వృథా. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్‌లు వేస్తే స్టీరింగ్ బిగువుగా, కచ్చితంగా ఉంటుంది గాని, రోడ్డు అదురు నేరుగా లోపలికి తెలుస్తుంది. వాటికి తగిన గ్రీసు ఆరిపోతే కీచుమంటాయి. కుటుంబంతో ఊళ్ళకు తిరిగే కారుకు మంచి రబ్బరు బుష్‌లే నయం.

కొనేటప్పుడు పాత ఆర్మ్ పక్కన కొత్తది పెట్టి రంధ్రాల మధ్య దూరం కొలవండి. ఎడమ, కుడి ఆర్మ్‌లు వేరువేరు. రెండింటినీ ఒకేసారి మార్చాలి. బాల్ జాయింట్ నుంచి బయటికి పొడుచుకు వచ్చే కొమ్మను చేత్తో తిప్పితే గట్టిగా, కానీ ఎక్కడా పట్టకుండా తిరగాలి. రబ్బరు తొడుగు మీద చిన్న చిరుగు ఉన్నా తీసుకోవద్దు, ఎందుకంటే అందులోకి దుమ్ము, వాననీరు చేరితే జాయింట్ త్వరగా పోతుంది.

పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. కారును గచ్చు నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరవద్దు. మట్టి నేల అయితే స్టాండ్ల కింద వెడల్పాటి పలకలు వేయాల్సిందే. లేపక ముందే చక్రం మధ్య నుంచి మడ్గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి, రెండు వైపులా ఒక కాగితం మీద రాసుకోండి. ఈ కొలత ఎందుకో తరువాత తెలుస్తుంది.

చక్రాలు ఊడదీశాక ముందుగా లింక్ రాడ్డు విప్పండి. బాల్ జాయింట్‌ను నకిల్‌లో (చక్రం బిగించే ఇనుప భాగంలో) పట్టి ఉంచే అడ్డ బోల్టు ఉన్న కార్లలో ఆ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. అది కొమ్మ మీది గాడిలో కూర్చుని ఉంటుంది కాబట్టి, కొంచెం మిగిలినా జాయింట్ కదలదు. నకిల్ చీలికలో చిన్న ఇనుప చీల దించి కాస్త తెరిచి, ఆర్మ్‌ను కిందికి నొక్కితే జాయింట్ వస్తుంది. ఈ సమయంలో నకిల్‌ను బయటికి ఎక్కువ లాగితే డ్రైవ్ షాఫ్టు (ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది. నకిల్‌ను తాడుతో స్ట్రట్‌కు కట్టి ఉంచండి. ఆపై ఫ్రేము వైపు బోల్టులు తీసి ఆర్మ్‌ను బయటికి తీయండి. కొన్ని కార్లలో గేర్‌బాక్సు అడ్డం వచ్చి ముందు బోల్టు బయటికి రాదు. అప్పుడు ఇంజన్ కింద చెక్క పెట్టి ఆధారం ఇచ్చి, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ విప్పి కొద్దిగా ఎత్తాలి. మారుతి 800 వంటి పాత కార్లలో ఆర్మ్‌ను ముందూ వెనకకూ కదలకుండా పట్టేది స్టెబిలైజర్ బారే కాబట్టి, దాని బుష్‌లను కూడా అప్పుడే మార్చడం మంచిది.

కొత్త ఆర్మ్‌ను పెట్టి బోల్టులన్నీ చేత్తో ఎక్కించండి, కానీ ఫ్రేము వైపు బుష్ బోల్టులను ఇప్పుడే బిగించవద్దు. ఈ ఒక్క విషయంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నా కారుకు మొదటిసారి ఒక షెడ్డులో బుష్‌లు వేయించినప్పుడు ఏడు నెలలు తిరగకుండానే అవి చీలిపోయాయి. విప్పి చూస్తే రబ్బరు అంతా ఒకే వైపుకు మెలిపడి, స్లీవ్ అంచున అర్ధచంద్రంలా తెగి ఉంది. కారును గాలిలో ఉంచి, చక్రం కిందికి వేలాడుతుండగా బోల్టు బిగించడమే కారణం. బుష్‌లోని రబ్బరు లోపలి స్లీవ్‌కు అతుక్కుని ఉంటుంది, జారదు, మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో స్లీవ్‌ను బిగిస్తే, కారును నేల మీదికి దించగానే రబ్బరు మెలితిరిగిపోయి, ఆగి ఉన్నప్పుడు కూడా అలాగే బిగుసుకుని ఉంటుంది.

అందుకని బాల్ జాయింట్ బోల్టు, లింక్ రాడ్డు మాత్రం పూర్తిగా బిగించి, చక్రాలు వేసి, రెండు టైర్ల కిందా వెడల్పాటి, గట్టి తుమ్మ దిమ్మెలు పెట్టి కారును వాటి మీదికి దించండి. దిమ్మెలు కదలకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాక, స్టాండ్లను బాడీకి తగలకుండా రక్షణగా దగ్గరగా ఉంచి, ముందు భాగాన్ని చేత్తో నాలుగైదు సార్లు నొక్కి వదలండి. ఇప్పుడు మడ్గార్డు ఎత్తు కాగితం మీద రాసుకున్న కొలతకు దగ్గరగా వస్తుంది. అప్పుడే బుష్ బోల్టులను టార్క్ రెంచితో (బిగువును కొలిచి చూపే రెంచితో) మీ మోడల్ సర్వీసు పుస్తకంలో చెప్పిన అంకె వరకు బిగించాలి. లాక్ నట్లు పాతవి వాడవద్దు. మెకానిక్ గొయ్యి గాని, నాలుగు స్తంభాల లిఫ్టు గాని అందుబాటులో ఉంటే ఈ పని అక్కడ చేయించడమే క్షేమం.

ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చాలా చిన్న కార్లలో టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సరిచేయడానికి వీలుంటుంది. క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పక్కకు ఒరిగి ఉండే కోణం) రెండు వైపులా బాగా తేడాగా వస్తే ఆర్మ్ సరైనదేనా, నకిల్ గాని స్ట్రట్ గాని వంగిందా అని చూడాలి. వంద కిలోమీటర్లు నడిచాక బోల్టుల బిగువును, బాల్ జాయింట్ తొడుగును మరోసారి చూసి, రెండు వైపులా మడ్గార్డు ఎత్తు మళ్ళీ కొలిచి అదే కాగితం మీద తేదీతో రాసి కారులో ఉంచుకోండి.