ఇటలీ చర్చిలకి వెళ్తుంటే చిల్లర దగ్గర పెట్టుకోండి

ఇటలీ పాత చర్చిల్లో ఒక చికాకు ఉంది. ఒక్క బొమ్మ కోసం ఎంతో దూరం నుంచి వెళ్తే అది చీకట్లో ఉంటుంది, పక్కనే నాణెం వేస్తే వెలిగే లైటు పెట్టె ఉంటుంది, మన దగ్గర మాత్రం కార్డూ 20 యూరోల నోటూ తప్ప ఏమీ ఉండవు. వెనిస్‌లో సాన్ జక్కారియా చర్చిలో నాకు ఇదే అయింది, జొవాన్నీ బెల్లినీ 1505లో వేసిన మేరీమాత చిత్రం ముందు.

అందుకని ఇప్పుడు పొద్దున కాఫీ నోటిచ్చి కొని, వచ్చిన చిల్లరలో 50 సెంట్లు, 1 యూరో నాణేలు ఓ ఆరేడు విడిగా దాచుకుంటాను. లోపలికి వెళ్లగానే వేసేయను. రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి, ఎక్కడ నిలబడితే మొత్తం కనిపిస్తుందో చూసుకుని అప్పుడు వేస్తాను, ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు మరి. మొదటి నాణెం కళ్లకి, ఫొటో కావాలంటే రెండోది. గర్భగుడిలో హారతి ఎత్తినప్పుడు స్వామి ముఖం కనిపిస్తుందే, అచ్చం అలాగే ఉంటుంది. మేరీ పాదాల దగ్గర కూర్చుని వాయిద్యం వాయించే దేవదూతని చూసి, క్రైస్తవురాలిని కాకపోయినా నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకో అడగొద్దు.

ప్రార్థన జరుగుతున్నప్పుడు మాత్రం ఇది కుదరదు, బయట ఆగాల్సిందే. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు కూడా, పొద్దున్నే వెళ్లండి.