కంపెనీ అమర్చిన కారు స్టీరియోను విని, అంచనా వేసి, సరిచేసుకోవడం ఎలా?

స్టీరియో బాగాలేదని వాపోయేవారి కార్లలో కూర్చుంటే దాదాపు ప్రతిసారీ అవే సెట్టింగులు కనిపిస్తాయి. బాస్ (అడుగు స్వరాలు, అంటే లోతైన శబ్దాలు) చివరిదాకా పెంచి ఉంటుంది. ట్రెబుల్ (పై స్వరాలు) కూడా అంతే. ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే ఫేడర్ వెనక సీటు వైపు జరిపి ఉంటుంది. స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో ‘రాక్’ అనో ‘పాప్’ అనో ఒక ప్రీసెట్ (ముందే సర్దిపెట్టిన అమరిక) నడుస్తూ ఉంటుంది. ఇలా ఉంచితే ఏ స్పీకరైనా చెడ్డగానే మోగుతుంది. స్పీకర్లు మార్చాలా వద్దా అన్నది తరువాతి సంగతి. ముందు ఉన్నవాటిని అడ్డంకులు లేకుండా పాడనివ్వాలి, అవి ఏం పాడుతున్నాయో ఓపికగా వినాలి.

1. సరంజామా

కావలసినవి కొద్దే. మీకు కంఠతా వచ్చినంతగా తెలిసిన మూడు రికార్డింగులు, ఒక పెన్ డ్రైవ్, ఒక గంట తీరిక. ఒక రికార్డింగు కేవలం మాట కావాలి: వార్తలు చదివే గొంతు గానీ ఆడియో పుస్తకం గానీ. రెండోది ఒకే గొంతు, ఒకటి రెండు వాద్యాలు ఉన్న పాట. మూడోది మృదంగం గానీ బాస్ గిటారు గానీ విడిగా, స్పష్టంగా వినిపించేది. వీటికి తోడు పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసి జోరువానలా వినిపించే రొద) ఫైలు ఒకటి, 20 నుంచి 200 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు అనే లెక్క) దాకా నెమ్మదిగా పైకి పోయే స్వరం ఒకటి పెట్టుకోండి. వందమంది వాద్యకారుల సినిమా పాటతో పరీక్ష మొదలుపెట్టవద్దు. అందులో ఏది రికార్డింగు లోపమో, ఏది స్పీకరు లోపమో తేల్చలేం.

కారును రొద లేని ఆరుబయట ఆపండి. అద్దాలు, తలుపులు మూయండి. ఏసీ ఫ్యాన్, ఇంజిన్ ఆపండి. మధ్యలో బ్యాటరీ కోసం కాసేపు ఇంజిన్ నడపవలసి రావచ్చు. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఆ పని చేయవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. డ్రైవరు సీటు మీరు రోజూ నడిపే చోటే ఉండాలి. తల ముందుకు వంచి వింటే లెక్క మారిపోతుంది.

2. పాట ఎక్కడి నుంచి వస్తోంది?

పరీక్ష జరిగినంతసేపూ పెన్ డ్రైవ్ లేదా కేబుల్ మాత్రమే వాడండి. బ్లూటూత్ పాటను పంపే ముందు మరోసారి కుదిస్తుంది. రోజువారీ వినికిడికి అది సరిపోతుంది గానీ, తీర్పు చెప్పేటప్పుడు వద్దు. ఆ తరువాత బ్లూటూత్ వాడేటప్పుడు ఫోను వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచి, హెచ్చుతగ్గులు కారు వాల్యూమ్‌తోనే చేయండి. ఫోను తగ్గించి కారు పెంచితే పాటతోపాటు వెనక ఉండే బుస శబ్దం కూడా పెరుగుతుంది. ఫోనులోని యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే ఆపేయండి. రెండు చోట్ల రెండు ఈక్వలైజర్లు పనిచేస్తుంటే ఏది ఏం చేస్తోందో పోల్చుకోవడం కుదరదు.

3. అన్నీ సున్నాకు

బాస్, మిడ్ (మధ్య స్వరాలు), ట్రెబుల్, బ్యాలెన్స్ (ఎడమ, కుడి స్పీకర్ల మధ్య పంపకం), ఫేడర్ అన్నీ సున్నాకు తెండి. ప్రీసెట్లు, సరౌండ్, ‘లౌడ్‌నెస్’, ‘బాస్ బూస్ట్’, వేగాన్ని బట్టి పెరిగే వాల్యూమ్ ఆపేయండి. పది నిమిషాలు అలాగే వినండి. చప్పగా అనిపిస్తుంది. పెంచిన శబ్దానికి అలవాటుపడిన చెవికి అలా అనిపించడం సహజం. ఆ పది నిమిషాలూ ఏమీ ముట్టుకోవద్దు.

4. గడగడలు

20 నుంచి 200 హెర్ట్జ్ స్వరాన్ని ఓ మోస్తరు వాల్యూమ్‌లో వినిపించండి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి అదురుతుంది. తలుపు అరలో చిల్లర నాణేలు, కళ్లద్దాల పెట్టె, నంబరు ప్లేటు, తలుపు ప్యానెల్ క్లిప్పు. అదిరే చోట అరచేతితో గట్టిగా నొక్కండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. చాలామంది ‘స్పీకరు చినిగింది’ అని చెప్పే చప్పుడు నిజానికి వదులైన ప్యానెల్‌ది.

5. బ్యాలెన్స్, ఫేడర్

ఫేడర్‌ను పూర్తిగా ముందుకు తీసుకురండి. మాటల రికార్డింగు వినిపిస్తూ బ్యాలెన్స్‌ను ఒక చివరికి, తరువాత రెండో చివరికి, చివరగా మధ్యకు తెండి. మధ్యకు రాగానే గొంతు డ్యాష్‌బోర్డు మీద ఒకచోట నిలబడాలి, అడుగు శబ్దం కాస్త చిక్కబడాలి. అలా కాకుండా మధ్యకు తెచ్చినప్పుడే గొంతు పలచబడి, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా పోతే, ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయని అనుమానించాలి. ఒకటి ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతూ, బాస్‌ను పరస్పరం చంపేసుకుంటాయి. తలుపు విప్పి ఎవరైనా మరమ్మతు చేసిన కార్లలో ఇది జరుగుతుంది. ముందు అది సరిచేయించండి. ఈక్వలైజర్‌తో దాన్ని కప్పిపుచ్చలేం.

డ్రైవరు ఒక స్పీకరుకు దగ్గరగా కూర్చుంటారు కాబట్టి గొంతు అటు వైపే లాగుతుంది. బ్యాలెన్స్‌ను అవతలి వైపు ఒక మెట్టు, మహా అయితే రెండు మెట్లు జరపండి. అంతకు మించితే పక్క సీటువారికి ఒకే స్పీకరు మిగులుతుంది. టైమ్ అలైన్‌మెంట్ (ఒక్కో స్పీకరు శబ్దాన్ని విడిగా ఆలస్యం చేసే) సదుపాయం ఉన్న స్టీరియో అయితే అసలు మందు అదే. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. దగ్గరి స్పీకరును ఆ లెక్కన ఆలస్యం చేస్తే రెండు స్పీకర్ల శబ్దమూ ఒకేసారి చెవికి చేరుతుంది.

ఇక ఫేడర్. పూర్తిగా ముందున్న దాన్ని ఒక్కో మెట్టూ వెనక్కి జరపండి. వెనక స్పీకర్లు మోగుతున్నాయని చెవికి తెలిసిన క్షణంలో ఆగి, ఒక మెట్టు ముందుకు రండి. అదే దాని స్థానం. పాడేవారు మన ఎదురుగా ఉండాలి గానీ వెనక కాదు.

6. బాస్, ట్రెబుల్, మిడ్: పని చెడేది ఇక్కడే

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. ఇక్కడి నుంచి తొందర పనికిరాదు.

మొదట వాల్యూమ్. మీరు రోజూ వినే స్థాయిలో పెట్టి, కింద చెప్పినట్టు పోలిక సమం చేయడానికి తప్ప ఇక దాన్ని కదపకండి. దీనికి బలమైన కారణం ఉంది. మన చెవి అన్ని స్థాయిల్లోనూ ఒకేలా వినదు. శబ్దం తగ్గే కొద్దీ అడుగు స్వరాలు మిగతావాటికన్నా వేగంగా వినబడకుండా పోతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని 1933లోనే వక్రరేఖలుగా గీసి చూపించారు. దీనికి తోడు, చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగే కొద్దీ స్పీకర్లను కాపాడేందుకు తమంతట తామే బాస్‌ను తగ్గిస్తూ పోతాయి. అందుకే మెల్లగా వింటూ పెట్టిన బాస్ గట్టిగా విన్నప్పుడు కుదరదు, గట్టిగా వింటూ పెట్టినది మెల్లగా విన్నప్పుడు పొసగదు. మీరు ఎక్కువగా వినే స్థాయినే ప్రమాణంగా తీసుకోవాలి.

రెండోది, అసలైన వల. శబ్దం ఏ కాస్త పెరిగినా చెవికి అది ‘పెరిగింది’ అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది. ట్రెబుల్ ఒక మెట్టు పెంచగానే ‘ఆహా, తెర తొలగినట్టుంది’ అనుకుంటాం. నిజానికి మొత్తం శబ్దం కొంచెం పెరిగింది, అంతే. మరో మెట్టు పెంచితే ఇంకా బాగుంటుంది. అలా ఎక్కుతూ ఎక్కుతూ చివరికి చేరతాం. పైన చెప్పిన కార్లన్నీ ఈ దారిలోనే పాడయ్యాయి.

ఈ వలలో పడకుండా ఉండాలంటే ప్రతి పోలికలోనూ రెండు వైపులా శబ్దం సమానం చేయాలి. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, ఫోనును తల ఆనించే దిండు దగ్గర కదలకుండా ఉంచి, పింక్ నాయిస్ వినిపించి అంకె చూడండి. ఒక మెట్టు మార్చాక అంకె పెరిగితే, అది మొదటి చోటికి వచ్చేదాకా వాల్యూమ్ తగ్గించండి. అప్పుడు పాట వినిపించి పోల్చండి. అప్పటికీ కొత్త సెట్టింగే నచ్చితే ఉంచుకోండి. ఇలా చేస్తే పెంచుదామనుకున్న మెట్లలో చాలావరకు అక్కరలేదని తేలిపోతుంది. ఫోను యాప్‌ను ఇంతవరకే నమ్మండి. అది గీసే రంగురంగుల రేఖాచిత్రం చూసి ఈక్వలైజర్ సర్దవద్దు. ఫోను మైకు మాట కోసం తయారైంది. అడుగు స్వరాలను అది సరిగా పట్టదు. తలను గానీ ఫోనును గానీ జానెడు జరిపినా కారు లోపల ఆ రేఖ మారిపోతుంది.

మూడోది, పెంచడం కన్నా తగ్గించడమే మేలు. స్టీరియో మీద ‘50 వాట్లు × 4’ అని రాసి ఉండవచ్చు. విడిగా యాంప్లిఫయర్ (స్పీకర్లకు శక్తినిచ్చే పరికరం) లేని మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకు నికరంగా ఇవ్వగలిగేది 20 వాట్లకు అటూ ఇటూ. బాస్‌ను 6 డెసిబెళ్లు (శబ్ద స్థాయి కొలత) పెంచితే ఆ స్వరాలకు నాలుగు రెట్ల శక్తి కావాలి. 10 డెసిబెళ్లకు పది రెట్లు. అక్కడ 5 వాట్లు ఖర్చవుతుంటే 50 కావాలి. లేని శక్తిని యాంప్లిఫయర్ ఎక్కడి నుంచి తెస్తుంది? తరంగం కొసలు తెగ్గొడుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు కూడా వణికి, బొంగురుపోతే అది క్లిప్పింగే. ఎక్కువసేపు అలా నడిస్తే ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) కాలిపోయే ప్రమాదం ఉంది. బాస్ పెరగాలనుకుంటే మిడ్, ట్రెబుల్ ఒక్కో మెట్టు తగ్గించండి. మిగతావాటితో పోలిస్తే బాస్ పెరిగినట్టే వినిపిస్తుంది, యాంప్లిఫయర్ మీద భారం మాత్రం పెరగదు.

ఇప్పుడు క్రమం. బాస్ ముందు, ట్రెబుల్ తరువాత, మిడ్ చివర. ఈ వరుస మార్చవద్దు. గుమ్ముమని మోగే బాస్ గొంతును కప్పేసినంతకాలం పై స్వరాల మీద మీరిచ్చే తీర్పుకు విలువ లేదు.

బాస్‌కు మగ గొంతు చదివే వార్తలు వినిపించండి. ‘భారత ప్రభుత్వం’ అన్న మాటలో ‘భ’ దగ్గర చెవి పెట్టండి. బాస్ ఎక్కువైతే ఆ అక్షరం ఉబ్బి, పక్కదాని మీద పడుతుంది. మనిషి కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చిన్న కారు లోపలి గోడల మధ్య 100 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతం ఇలా ఉబ్బడం మామూలే. అక్షరాలు విడివిడిగా నిలబడేదాకా ఒక్కో మెట్టూ తగ్గించండి. తరువాత మృదంగం. ఎడమ మూత మీద పడిన దెబ్బకు మొదలు, చివర రెండూ తెలియాలి. ‘ధుమ్’ అని ఆగాలి గానీ తరువాతి దెబ్బదాకా సాగకూడదు. సాగుతుంటే ఇంకో మెట్టు తగ్గించండి.

ట్రెబుల్‌కు ఆడ గొంతు. ‘సంతోషం’, ‘శాంతి’, ‘చల్లని’ లాంటి మాటలు వచ్చే చోటు ఎంచుకోండి. స, శ, ష, చ పలికినప్పుడు నాలుక మీద పుట్టే గాలి శబ్దం ఎక్కువగా పై స్వరాల్లో ఉంటుంది. అది సూదిలా గుచ్చుకుంటే ట్రెబుల్ ఎక్కువైంది. ‘స’కూ ‘శ’కూ తేడా తెలియకపోతే తక్కువైంది. ఈ ఒక్క పరీక్ష ఎన్ని రేఖాచిత్రాల కన్నా నమ్మదగింది, ఎందుకంటే ఆ అక్షరాలను మనం పుట్టినప్పటి నుంచీ మనుషుల నోట వింటున్నాం. వాద్యం అసలు ఎలా మోగిందో రికార్డు చేసినవారికే తెలుసు. మాట ఎలా ఉండాలో అందరికీ తెలుసు.

మిడ్ చాలా కార్లలో సున్నా దగ్గరే బాగుంటుంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ ప్రాంతంలో చెవి అత్యంత చురుకుగా ఉంటుంది. అక్కడ ఒక్క మెట్టు తేడా కూడా పెద్దగా తెలుస్తుంది. గొంతు అరిచినట్టుంటే ఒక మెట్టు తగ్గించండి, దూరంగా ఉన్నట్టుంటే ఒక మెట్టు పెంచండి. రెండో మెట్టు వేయవలసి వస్తోందంటే బాస్ గానీ ట్రెబుల్ గానీ తప్పుగా పెట్టారు. వెనక్కి వెళ్లండి.

ఒకసారి ఒకే బటన్, ఒకే మెట్టు, అదే ఇరవై సెకన్ల పాట ముక్క. ఇరవై నిమిషాలయ్యాక స్టీరియో ఆపి, తలుపు తెరిచి బయట తిరిగి రండి. చెవి దేనికైనా అలవాటుపడిపోతుంది. గుచ్చుకునే ట్రెబుల్ కూడా కాసేపటికి మామూలుగా వినిపిస్తుంది. చాలాసేపు ప్రయాణం చేసి వచ్చాక, లేదా రాత్రి అలసిపోయాక ఈ పని పెట్టుకోవద్దు.

7. రోడ్డు మీద

మర్నాడు నడిపి చూడండి. టైర్ల రొద, గాలి హోరు ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటాయి, అందుకని నడుస్తున్న కారులో బాస్ కొంత మునిగిపోతుంది. ఒక మెట్టు పెంచుకోవచ్చు, ఒక్కటే. వేగాన్ని బట్టి పెరిగే వాల్యూమ్ ఉంటే అన్నిటికన్నా తక్కువ స్థాయిలో పెట్టండి. సవరణలు కారు ఆపాకే చేయండి.

ఇంత చేశాక కూడా గొంతు మసకగా ఉంటే, లేదా మామూలు వాల్యూమ్‌లోనే మృదంగం బొంగురుపోతే అప్పుడు ముందు తలుపుల స్పీకర్లు మార్చే ఆలోచన చేయవచ్చు. వెనకవాటికి ఖర్చు పెట్టవద్దు. అంతా నచ్చితే సెట్టింగుల తెరను ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. బ్యాటరీ విప్పి బిగించినప్పుడు కొన్ని కార్లలో ఈ అంకెలన్నీ చెరిగిపోతాయి. సర్వీసుకు ఇచ్చిన కారు తిరిగి వచ్చాక ఎవరో బాస్ పెంచి ఉంచడం కూడా మామూలే.