దత్తతకు ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవాలంటే

దత్తత కేసుల్లో కన్నవాళ్లతోనూ, పెంచుకునేవాళ్లతోనూ మాట్లాడటం నా ఉద్యోగం. "సంతకం పెట్టేశానండీ, ఇప్పుడు నా బిడ్డ నాకు కావాలి" అని ఫోన్ వస్తే ముందు తేదీ అడుగుతాను. ఏ రోజు సంతకం పెట్టారు, ఎవరి ముందు, ఏ కాగితం మీద? ఎందుకు ఇచ్చారో, ఎందుకు మనసు మారిందో తర్వాత తీరిగ్గా వింటాను.

గడువు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. భారత్‌లో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించినవాళ్లకు మళ్లీ ఆలోచించుకోడానికి రెండు నెలలు ఇస్తారు. ఇంగ్లండ్‌లో కాన్పు అయిన ఆరు వారాల లోపు తల్లి ఇచ్చిన సమ్మతి అసలు చెల్లదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం మాత్రం గట్టిది. దాని కింద సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరు. "మా అన్నయ్యకే కదా ఇచ్చింది, కావాలంటే తెచ్చుకుంటా" అనే ధీమా అక్కడ పనికిరాదు.

గడువు ఉంటే ఈరోజే రాయండి. మీ పేరు, బిడ్డ పుట్టిన తేదీ, సంతకం పెట్టిన తేదీ, ఆ కింద "నా సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను, బిడ్డను నాకు అప్పగించండి" అని ఒక్క వాక్యం. కష్టాల కథంతా అందులో రాయక్కర్లేదు. సంతకం తీసుకున్న అధికారులకే ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫోన్‌లో చెప్పాం కదా అని ఊరుకోవద్దు. పెంచుతున్నవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి గొడవపడితే నష్టం మీకే. బిడ్డ ఎక్కడ ఉంటుంది, మీకు తోడు ఎవరు అని అధికారులు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

గడువు దాటితే దారి ఇరుకే. బెదిరించో మోసం చేసో సంతకం పెట్టించుకుంటే లాయర్ ద్వారా కోర్టుకు వెళ్లాలి. భారత్‌లో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100.

ఇక బిడ్డను తిరిగి ఇవ్వాల్సి వచ్చినవాళ్ల సంగతి. మీ చేతులతో ఒక కాగితం రాసి పంపండి. ఏ పాలు, ఎన్ని గంటలకోసారి, ఎలా జోకొడితే నిద్రపోతుంది, ఏ మందులు వాడుతున్నారు, ఏ టీకాలు అయ్యాయి. వాడుతున్న దుప్పటిని ఉతక్కుండానే పంపండి, ఆ వాసన పసివాళ్లకు ధైర్యం. చాలామందికి ఏడుపు ఈ కాగితం రాసేటప్పుడే వస్తుంది. రానివ్వండి.

చుట్టాలకు విషయం చెప్పే పని దగ్గరివాళ్లలో ఒకరికి అప్పగించండి, అందరికీ మీరే చెప్పుకుంటూ కూర్చుంటే గాయం మానదు. "ఇంకొకరు దొరుకుతార్లే" అనేవాళ్లకు జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. భార్యాభర్తల్లో ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు మర్నాడే ఆఫీసుకు వెళ్లొచ్చు, దాన్ని ప్రేమ తక్కువని లెక్కేయకండి. ఇంట్లో పెద్ద పిల్ల ఉంటే "పాపను కన్న అమ్మే పెంచుకుంటానంది, నిన్ను మాత్రం ఎవరూ తీసుకెళ్లరు" అని స్పష్టంగా చెప్పండి. ఆ రెండో మాట పిల్లలు పైకి అడగరు.

ఉయ్యాల ఎప్పుడు తీయాలన్నది మీ ఇష్టం. ఇంకో బిడ్డ ఉందని మళ్లీ పిలుపు వచ్చినప్పుడు "ఇప్పుడే కాదు" అంటే వరుసలో మీ స్థానం ఏమవుతుందో మాత్రం దత్తత ఏజెన్సీని ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.