బెంగళూరులో పీహెచ్‌డీ ప్రవేశం: ఫారం కంటే ముందు చూసుకోవలసినవి

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో (ఐఐఎస్‌సీ) సైన్సు, ఇంజినీరింగు విభాగాల పీహెచ్‌డీకి ఆగస్టులో మొదలయ్యే విడతే ప్రధానమైనది. దానికి ఆన్‌లైన్ దరఖాస్తులను సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్వీకరిస్తారు. ఫారం నింపడానికి గంట చాలు గానీ, దానికి జతచేయవలసిన కాగితాలు సమకూరడానికి నెల పట్టవచ్చు కాబట్టి, సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడే ఆ పని మొదలుపెట్టడం మేలు.

పీజీ పూర్తిచేసినవారితో పాటు నాలుగేళ్ల ఇంజినీరింగు డిగ్రీ ఉన్నవారు కూడా అర్హులే. ఎంటెక్ లేకుండా బీటెక్‌తో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చన్న సంగతి తెలియక వెనకాడేవారు మనలో చాలామంది ఉన్నారు. చివరి సంవత్సరం చదువుతున్నవారూ దరఖాస్తు చేయవచ్చు. మూడేళ్ల బీఎస్సీ వారికి జామ్ (ఎమ్మెస్సీ వంటి కోర్సుల జాతీయ ప్రవేశ పరీక్ష) ద్వారా ప్రవేశం దొరికే, పీజీని పీహెచ్‌డీతో కలిపిన ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ వేరుగా ఉంది.

ఇంజినీరింగు విభాగాలు ప్రధానంగా గేట్ (ఇంజినీరింగు పీజీ ప్రవేశాల జాతీయ పరీక్ష) స్కోరును, సైన్సు విభాగాలు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అర్హతను, భౌతికశాస్త్రమైతే జెస్ట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షను కూడా పరిగణిస్తాయి. గేట్ స్కోరు ఫలితాలు వెలువడిన నాటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది. అయితే ఏ గేట్ పేపరును ఏ విభాగం అంగీకరిస్తుందో ఆ విభాగమే నిర్ణయిస్తుంది కనుక, రుసుము కట్టకముందే ప్రకటనలో ఆ పట్టికను చదవాలి. జెస్ట్ రాసినవారు అదే నగరంలోని రామన్ పరిశోధన సంస్థకు, భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవాలి; ఒకచోట పెట్టినది మరోచోటికి వెళ్లదు.

తెలుగు అభ్యర్థులకు ఎక్కువగా చిక్కు వచ్చేది కులధ్రువీకరణ దగ్గర. మీసేవలో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ వంటి రాష్ట్ర ధ్రువపత్రం ఇక్కడ సరిపోదు. కేంద్ర జాబితాలో కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల (ఈడబ్ల్యూఎస్) పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. పేరు మరో తలనొప్పి: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమై చివరికి చేరుతుంది. ఫారంలో మెమో ప్రకారమే రాసి, ఆధార్‌ను ముందుగానే సరిచేయించుకోవాలి. సీజీపీఏను పదితో గుణించి శాతం వేయకుండా, మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రాన్నే వాడాలి.

ఉద్యోగం చేస్తూ పరిశోధన చేయాలనుకునే ఇంజినీర్లకు, యజమాని సంస్థ స్పాన్సర్ చేస్తే, ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ అనే మార్గం ఉంది.

వడపోతలో నిలిచినవారిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. కొన్ని విభాగాలు రాతపరీక్ష కూడా పెడతాయి. మీ ప్రాజెక్టు గొప్పతనం వినడం కంటే, బోర్డు దగ్గర సుద్దముక్క ఇచ్చి ఒక మాత్రికకు ఐగెన్ విలువలు కట్టమని, తరువాత వాటి అర్థమేమిటో చెప్పమని అడగడం మామూలు. డిగ్రీ రెండో ఏడాది పుస్తకాలు తిరగేయడమే సరైన సన్నాహం.

కేంద్రం 2023 జనవరి 1 నుంచి అమలు చేసిన రేట్ల ప్రకారం జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, దాని పై మెట్టు అయిన ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. సీటు వచ్చిందన్న ఉత్తరం అందాక గడువులోగా సమ్మతి తెలిపి, రుసుము కట్టాలి. చేరే రోజున ఒరిజినల్స్ అన్నీ చూపాలి. కాచిగూడ నుంచి రైల్లో వచ్చేవారు యశ్వంతపురలో దిగితే, సంస్థ ప్రాంగణం అక్కడికి దగ్గరే.